గడపకు ఇవతల నవ్వు, అవతల కత్తి: ‘మర్యాద రామన్న’లో కెమెరా, కూర్పు

పెందుర్తి కూడలిలో ఒక మనిషి కదిలిపోతున్న బస్సు వెనుక పరుగెత్తుతున్నాడనుకోండి. చెమట పట్టిన అతని ముఖాన్ని మాత్రమే దగ్గరగా చూపితే మీకు జాలి కలుగుతుంది. అదే దృశ్యాన్ని రోడ్డుకు అవతలి నుంచి చూపి, అతని వెనకే అదే రూటులో మరో ఖాళీ బస్సు వస్తున్నట్లు ఒకే ఫ్రేములో కనిపింపజేస్తే నవ్వు వస్తుంది. మనిషీ మారలేదు, పరుగూ మారలేదు. కెమెరా నిలబడిన చోటు మారింది, మీకు తెలిసిన విషయం పెరిగింది. యాక్షన్ కామెడీని పరిశీలించేటప్పుడు మీరు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: ప్రేక్షకునికి ఏ సంగతి, ఎప్పుడు, ఎంత దూరం నుంచి తెలుస్తున్నది?

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’ ఇందుకు మంచి ఉదాహరణ. ఛాయాగ్రహణం సి. రాంప్రసాద్, కూర్పు కోటగిరి వెంకటేశ్వరరావు. సునీల్ పోషించిన రాము, తనను చంపాలని ఎదురుచూస్తున్న కుటుంబం ఇంటికే తెలియక అతిథిగా వెళతాడు. ఆ ఇంట్లో రక్తం చిందకూడదన్నది ఇంటి పెద్ద నియమం. గడప లోపల మర్యాద, దాటితే మరణం. మనం పసుపు రాసి బొట్టు పెట్టుకునే గడప ఇక్కడ కథను నడిపే గీత అయింది.

‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’ (2002) వంటి చిత్రాలు మన కళ్ళకు ఒక అలవాటు చేశాయి. కెమెరా కింది నుంచి పైకి చూస్తుంది, కదలిక నెమ్మదిస్తుంది, కళ్ళు తెరనిండా కనిపిస్తాయి. ఈ పద్ధతి నాయకుణ్ణి పెద్దవాణ్ణి చేస్తుంది. ‘మర్యాద రామన్న’లోనూ కత్తుల మెరుపు, ఎర్రబడ్డ కళ్ళు ఉన్నాయి. అయితే అవి నాయకునివి కావు, అతణ్ణి చంపబోయేవారివి. ఆ ఆర్భాటమంతా ఒక పిరికివాని పాదం గడప దాటుతుందా లేదా అన్న చిన్న సంగతి చుట్టూ తిరుగుతుంది. నవ్వు ఈ అసమానత నుంచే పుడుతుంది.

ఇక కూర్పు సంగతి. మొదట ప్రమాదం మనకు తెలుసు, రాముకు తెలియదు. అప్పుడు పాదం నుంచి కత్తికి, కత్తి నుంచి పాదానికి వెళ్ళే ప్రతి కట్ ఉత్కంఠను పెంచుతుంది. తరువాత రాముకూ తెలుస్తుంది. తెలిసినట్లు పైకి కనిపించనీయడు. అప్పుడు అతడు వెళ్ళకుండా ఉండటానికి వేసే ఎత్తులకు అదే ముందువెనుకల కూర్పు హాస్యాన్ని ఇస్తుంది. సాధనం ఒకటే. ఎవరికి ఎంత తెలుసన్నది మారగానే రసం మారింది.

ఈ కథకు మూలమైన బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923)తో పోల్చి చూడండి. కీటన్ తరచుగా మనిషినీ ప్రమాదాన్నీ దూరం నుంచి ఒకే ఫ్రేములో ఉంచి, కట్ చేయకుండా నవ్విస్తాడు. తెలుగు చిత్రం ఎక్కువగా కట్‌ల మీద, ధ్వని మీద ఆధారపడుతుంది. రవితేజ గొంతుతో మాట్లాడే సైకిల్ ముచ్చటగానే ఉంటుంది. అయినా దృశ్యం చెప్పగలిగినదాన్ని మాట మళ్ళీ చెప్పినచోట నవ్వు పలచబడుతుంది. ఇది ఈ చిత్రంలో ఎంచదగిన లోపం.

అయినా దీని విలువ తక్కువది కాదు. కత్తి పట్టినవాణ్ణి చూసి చప్పట్లు కొట్టడానికి అలవాటుపడిన ప్రేక్షకుణ్ణి, కత్తికి భయపడేవాని పక్కన నిలబెట్టింది. పగ ఎంత అర్థంలేనిదో ఉపన్యాసం లేకుండా, ఒక గడపను చూపి చెప్పింది.

అభ్యాసం: చిత్రంలోని ఏదైనా ఒక గడప ఘట్టాన్ని రెండుసార్లు చూడండి. రెండవసారి ధ్వని తీసివేసి కట్‌లను లెక్కించండి. నవ్వు ఏ కట్ దగ్గర వచ్చిందో, ఆ క్షణంలో ఎవరికి ఏమి తెలుసో పది పంక్తులలో రాయండి.