పులి, కాకి, షెడ్యూలు

ఈమధ్య మన సినిమాల్లో ఏ జంతువు కనిపించినా చాలాసార్లు తెర మూలన ‘సీజీఐ’ అని చిన్న అక్షరాలు పడుతుంటాయి. పులికే కాదు, కోడికీ ఎద్దుకీ కూడా. థియేటర్లో వాటిని ఎవరూ చదవరు. పొద్దంతా కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి నా కళ్లు మాత్రం అటే పోతాయి. ఆ మూడక్షరాల వెనక పాతికేళ్ల చట్టాల చరిత్ర ఉంది. 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం అనే ఐదు జంతువులను ఆడించి ప్రదర్శించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2001 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మిగతా జంతువులను ప్రదర్శనకు వాడాలంటే రిజిస్ట్రేషన్ కావాలంటూ అదే ఏడాది నియమాలు కూడా వచ్చాయి. 1977 ‘అడవి రాముడు’లో ఎన్టీఆర్ పక్కన నిలబడ్డవి నిజం ఏనుగులు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో ఆయన మనవడి మీదికి దూకిన పులి కంప్యూటర్లో పుట్టింది. ఈ రెండింటి మధ్య మారింది టెక్నాలజీ ఒక్కటే అనుకుంటాం. చట్టం కూడా మారింది.

మారడం మంచిదే. షూటింగుల కోసం జంతువులు పడ్డ బాధ తలుచుకుంటే ఆ పాత రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కానీ విమర్శ రాసేవాళ్లు గమనించాల్సిన తేడా ఒకటుంది. నిజం ఏనుగు షాట్ మధ్యలో తన ఇష్టానికి చెవులు ఊపుతుంది, డైలాగ్ పూర్తి కాకముందే ఎటో చూస్తుంది. గీసిన పులి అలా చేయదు. దాని మీసం కదిలినా ఎవరో కదిలిస్తేనే కదులుతుంది. ఆ పులికి తనదంటూ ఏ పనీ ఉండదు.

‘ఆర్ఆర్ఆర్’లో భీమ్ పరిచయ సన్నివేశం తీసుకోండి. అడవిలో పరుగు, వల, గర్జన, ఆకు మందు. పులి మత్తులోకి జారుతుంటే భీమ్ దాన్ని క్షమించమని అడుగుతాడు. సినిమా మొత్తంలో ఒక జంతువుతో ఒక మనిషి మాట్లాడింది అక్కడే అనుకుంటా. ఇంటర్వెల్ దగ్గరికొచ్చేసరికి ఆ పులి, చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు అన్నీ ఒక లారీ నిండా వచ్చి ఢిల్లీలో గవర్నర్ బంగళా మీద పడతాయి. నేను చూసిన షోలో జనం కుర్చీల మీద నిలబడి అరిచారు, నేనూ అరిచాను. ఆ సీన్ కట్టిన పద్ధతి అలాంటిది, చేతులు కట్టుకుని కూర్చోవడం కుదరదు. కానీ ఆ లారీ ఏమిటి? అదొక కదిలే జూ. జంతువులను ఒక్కొక్కటే ఎంచి, పట్టి, బోనుల్లో పెట్టి, సమయం చూసి జనం ముందు తెరిచారు. ఆ రాత్రి పని అయిపోయాక వాటితో కథకు అవసరం లేదు. ఏది బతికింది, ఏది చచ్చింది, ఏది ఢిల్లీ సందుల్లో తిరుగుతోంది అన్న ప్రశ్న సినిమాకు రాదు.

మన చూపుకి ఈ అలవాటు ఎక్కడ పట్టింది? నా తరానికైతే ఎక్కువగా హైదరాబాద్ నెహ్రూ జూలోనే. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో జనం కోసం తెరిచిన జూ అది. స్కూలు బస్సు, పులిహోర డబ్బా, కందకానికి ఇవతల మనం, అవతల పులి. పులి పడుకుని ఉంటే అందరికీ కోపం. లేచి తిరిగితేనే టికెట్ డబ్బులు వచ్చినట్టు. చట్టం ఈ చూపును కట్టడి చేయాలని చూసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో జూల మీద ప్రత్యేక అధ్యాయం వచ్చింది, 1992లో కేంద్ర జూ అథారిటీ ఏర్పడింది. దాని గుర్తింపు లేకుండా జూ నడపడానికి వీల్లేదు. జంతువును ఏడిపించడం, గాయపరచడం, తిండి వేయడం, అరిచి కంగారుపెట్టడం అన్నీ ఆ చట్టం కింద నేరాలే. ఈ లెక్కన మా స్కూలు బస్సులు అన్నింటి మీదా కేసులు పెట్టొచ్చు.

ఆ అధ్యాయం వచ్చిన తొమ్మిదేళ్లకి, 2000 అక్టోబరులో, అదే నెహ్రూ జూలో సఖి అనే చిన్న ఆడపులిని రాత్రికి రాత్రి చంపి చర్మం ఒలుచుకుపోయారు. అడవిలో కాదు, గేటూ టికెట్టూ కాపలా ఉన్న జూలో. దేశమంతా మాట్లాడుకున్న సంఘటన. దాని మీద తెలుగులో ఒక్క కథ గానీ నవల గానీ నా కంటబడలేదు. మన కాల్పనిక సాహిత్యానికి పులి కావాలి, దాని ఠీవి, చారలు, గర్జన కావాలి. జూ ఉద్యోగి నైట్ డ్యూటీ, తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్న లెక్క, చర్మం ఖరీదు మాత్రం అక్కర్లేదు. అవి రాయాలంటే పులిని కాసేపు పక్కన పెట్టి ఆఫీసులోకి వెళ్లాలి. మన రచయితలు ఆఫీసులోకి వెళ్లరు, బోరు అనుకుంటారు.

‘ఆర్ఆర్ఆర్’ మీద నా అసలు ఫిర్యాదు కూడా ఇదే. కల్పన కాబట్టి చరిత్రతో పోల్చకూడదని వాళ్లు ముందే చెప్పుకున్నారు, ఒప్పుకుంటాను. అయినా భీం పేరు పెట్టుకున్నాక ఒక ప్రశ్న మిగులుతుంది. అసలు కుమ్రం భీం పోరాడింది ఎవరితో? ఆసిఫాబాద్ అడవుల్లో గోండులకు రోజూ ఎదురైన శత్రువు నిజాం అటవీ సిబ్బంది, రెవెన్యూ సిబ్బంది. పోడు కొట్టకూడదు, పశువులు మేపితే పన్ను కట్టాలి, కట్టె తెస్తే జరిమానా. గీత గీసి, ఇక్కడి నుంచి రిజర్వు అడవి అంటే అక్కడ బతుకుతున్నవాళ్లు ఒక్క రోజులో అతిక్రమణదారులైపోయారు. 1940లో జోడేఘాట్‌లో భీం చనిపోయింది ఆ గీత మీద జరిగిన పోరాటంలో. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలకు ప్రాణం ఆ పన్నులు, ఆ చెక్‌పోస్టులు, ఆ దరఖాస్తులే. రాజమౌళి ఆ అడవి నుంచి జంతువులను తెచ్చుకుని అటవీ శాఖను అక్కడే వదిలేశారు. దాంతో భీం చేతికి పులి వచ్చింది, భీం అడిగిన ప్రశ్న పోయింది.

ఆ ప్రశ్న పాతబడిందని అనుకోవడానికీ లేదు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కవాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయ్యింది. మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి పులులు వస్తూ పోతూ ఉండే దారి ఆసిఫాబాద్ జిల్లా గుండా ఉంది. ఆ దారిని కాపాడాలని తెలంగాణ ప్రభుత్వం 2025 మే చివర్లో జీవో 49 ఇచ్చి అక్కడ ఒక కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటించింది. దానికి పెట్టిన పేరు: కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్. అటవీ చట్టంతో కొట్లాడి చనిపోయిన మనిషి పేరును అటవీ నోటిఫికేషన్‌కు పెట్టారు. ఆ ప్రాంతపు ఆదివాసీ సంఘాలు బందులకు దిగాయి, జులైలో ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది. నేను పులుల వైపు కాదా అంటే, వైపే. అడవికీ అడవికీ మధ్య దారి లేకపోతే పులి జాతిగా నిలవదని చదువుకున్నవాణ్నే. కానీ ఇంతకంటే మంచి నవలా వస్తువు ఈ రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు ఏముందో ఎవరైనా చెప్పండి. పులికి న్యాయం ఉంది, గూడేనికి న్యాయం ఉంది, రెండూ ఒకే పేరు మీద ఉన్నాయి. నాకు తెలిసి ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.

ఇప్పుడు పులి లేని చోటికి వద్దాం. మా ఊరు సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్. నోట్ల రద్దు రోజుల్లో నగదు రహిత గ్రామమని పేపర్లు రాసిన ఊరే. మాకు అభయారణ్యం లేదు, జూ లేదు. కోతులు ఉన్నాయి, అడివి పందులు ఉన్నాయి. పెద్దబాపు మక్క చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, మా ఇంటి ఆడవాళ్ల పదేళ్ల చీరలన్నీ ఆ కంచెకే ఉన్నాయి. పోయినేడు ఎవరో చెబితే బ్యాటరీతో నడిచే స్పీకర్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. మెమొరీ కార్డులో కుక్క అరుపు, పటాకుల చప్పుడు, పులి గర్జన ఉంటాయి. ఎట్లా పనిచేస్తుందని అడిగాను. “మూడొద్దులు ఉరికినయిరా. నాలుగో దినం కెళ్లి ఆ డబ్బ మీదనే కూసుంటున్నయి. పులిని మనమెన్నడన్న జూసినమా? అవ్విగూడ జూడలే!” అన్నాడు.

వన్యప్రాణి చట్టంలో నాలుగో అధ్యాయం అభయారణ్యాలు, జాతీయ పార్కుల గురించి. నాలుగు-ఏ జూల గురించి. పెద్దబాపు మక్క చేనుకు అధ్యాయం లేదు. అక్కడికి వచ్చే జంతువు షెడ్యూళ్లలో ఎక్కడుందన్నదే లెక్క. 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి. అడివి పంది మూడో షెడ్యూలు నుంచి రెండోదాంట్లోకి చేరింది. రీసస్ కోతి జాబితాలోనే లేకుండా పోయింది, అంటే చట్టం భాషలో అది ఇక వన్యప్రాణే కాదు. పంది జోలికి పోవాలంటే అనుమతి కావాలి, కోతి సంగతి ఎవరి పని అన్నది తేలలేదు, మక్కల నష్టం మాత్రం పెద్దబాపుదే. ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని కూడా అనలేం. హరితహారంలో అడవుల్లో పండ్ల చెట్లు నాటి వాటికి ‘మంకీ ఫుడ్ కోర్టులు’ అని పేరు పెట్టారు, నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంద్రం పెట్టారు. ‘మంకీ ఫుడ్ కోర్టు’ అన్న పదబంధం చాలు, ఒక మంచి వ్యంగ్య కథకి. మాల్‌లో పిజ్జా తింటూ ఆ పేరు తలుచుకుని నేను ఒక్కణ్నే నవ్వుకున్న సందర్భాలున్నాయి.

మన సినిమాకూ రెండు రకాల జంతువులే తెలుసు: బోనులోది, అడవిలోది. చేనులోది, గోడ మీదిది కథలోకి రాదు. ఈ మధ్య నాకు కనిపించిన ఒకే ఒక్క మినహాయింపు ‘బలగం’. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాలో కాకి ఏమీ చేయదు. కొమురయ్య చనిపోయాక పెట్టిన పిండాన్ని ముట్టదు, అంతే. ఒక పక్షి ముట్టనందుకు ఊరంతా భయపడుతుంది, కొడుకులు, అల్లుడు, నల్లిబొక్క దగ్గర మొదలైన పాత పంచాయితీ అన్నీ బయటికొస్తాయి. ‘ఆర్ఆర్ఆర్’ లారీలోని జంతువులన్నీ కలిసి తేలేకపోయిన భయాన్ని ఒక్క కాకి తెచ్చింది. సరదా ఏమిటంటే ఆ సినిమా విడుదలైన 2023 మార్చి 3న చట్టం ప్రకారం కాకి హానికర జంతువు. ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలతో పాటు ఐదో షెడ్యూల్లో ఉండేది, ఎవరు చంపినా అడిగేవాడు లేడు. ఆ షెడ్యూలును ఎత్తేసిన సవరణ అమల్లోకి వచ్చింది ఏప్రిల్ 1న. అంటే ఆ నాలుగు వారాలు తెలుగు జనం థియేటర్లలో ఏ పక్షి ముందు చేతులు జోడించి ఏడ్చారో, ఆ పక్షి చట్టం దృష్టిలో పురుగుతో సమానం.

‘బలగం’ కాకికీ హద్దు ఉంది. అది తాత. దానికి ఆకలేసి రాలేదు, కడుపు నిండి మానేయలేదు. కుటుంబం కలిసిపోగానే వచ్చి తింటుంది, అంటే చివరికి అదీ స్క్రిప్టుకు లొంగింది. పక్షిగా దాని కారణాలు ఏమిటన్నది సినిమాకు అక్కర్లేదు.

ఆ కారణాలు తెలిసిన రచయిత తెలుగులో కేశవరెడ్డి. ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన చూలు పంది కోసం ఒక ముసలాయన రాత్రంతా అడవిలో గడుపుతాడు. అది రిజర్వు అడవా, అభయారణ్యమా అన్న బోర్డు పుస్తకంలో ఎక్కడా పడదు. ఉన్నవి వాసనలు, చప్పుళ్లు, కాచుకున్న నక్కలు. పందికి ఆ రాత్రి సొంత పని ఉంది, ఈనడం. ఆ పనిలో యజమాని దానికి నక్క కంటే పెద్ద తేడాగా కనిపించడు. నక్కలకూ ఆకలి ఉంది, అవి దుర్మార్గులేమీ కావు. ముసలాయన ప్రేమ, లెక్క, కడుపు మూడూ ఒకే పంది మీద ఉన్నాయి. జాలిపడాలా, మెచ్చుకోవాలా అని పాఠకుడు తేల్చుకునేలోపే ఇంకో ఆకు కదులుతుంది. నూరు పేజీలు దాటని పుస్తకమైనా చదివాక చాలాసేపు ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు.

ఈ నవలను ఇవాళ ఎవరైనా సినిమాగా తీస్తే పంది కూడా సీజీఐలోనే చేయాలి, మూలన ఆ మూడక్షరాలు పడాలి. తప్పులేదు. గ్రాఫిక్స్ వాళ్లకు రాసిచ్చే కాగితం గురించే నా ఆలోచన. కండలు, వెంట్రుకలు, పరుగు వేగం, కోరల పొడవు ఇవన్నీ రాయొచ్చు, వాళ్లు చేసేస్తారు. మనిషి దగ్గరికొచ్చి పేరు పెట్టి పిలిస్తే పంది వినదు, తన పిల్లల వైపే తిరిగి ఉంటుంది, ప్రేక్షకుడికి మొహం చూపించదు అని ఎవరు రాసిస్తారు? రాసిచ్చినా ఏ నిర్మాత దానికి డబ్బులిస్తాడు?