జాలీ చేసే పని: ఇస్లామిక్ నిర్మాణ సంప్రదాయం - ఆధునిక కట్టడాలు

ప్రవేశిక

సంప్రదాయ ఇస్లామిక్ నిర్మాణకళను ఆధునిక భవన రూపకల్పనతో మేళవించడం గురించి జరిగే చర్చల్లో 'సమన్వయం' అన్న మాట విరివిగా వినబడుతుంది. ఆ మాటను నిలబెట్టి ప్రశ్నించిన సందర్భాలు మాత్రం తక్కువ. ఉక్కు, కాంక్రీటు, గాజులతో లేచిన బహుళ అంతస్తుల భవనానికి ముందువైపు కొనదేలిన కమానును, పైన ఒక గుమ్మటాన్ని అమర్చితే దానిని సమన్వయం అంటున్నారు. ఏ అలంకారమూ లేకుండా నడుమ ఆరుబయలు వదిలి, చుట్టూ గదులు వేసి, ఎండనూ గాలినీ అదుపు చేసిన ఇంటినీ అదే పేరుతో పిలుస్తున్నారు. మొదటి భవనం సంప్రదాయం నుంచి రూపాన్ని తీసుకుంది, రెండవది పనితీరును తీసుకుంది. రెండింటికీ ఒకే పేరు సరిపోతుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. (తెలుగులో 'వాస్తు' అనగానే పాఠకుడి దృష్టి దిక్కుల మీదికి, శుభాశుభాల మీదికి మళ్లుతుంది. కనుక ఇక్కడ 'నిర్మాణకళ' అన్న మాటే మేలు.)

ఈ ప్రశ్నను పరీక్షించడానికి గుమ్మటం, మీనారుల కన్నా జాలీ అనువైనది. గత అర్ధశతాబ్దిలో ఆధునిక రూపకర్తలు ఇస్లామిక్ సంప్రదాయం నుంచి ఇష్టంగా తెచ్చుకున్న అంశాలలో ఇదొకటి. పైగా అది చేసే పనిని విడదీసి చూడవచ్చు. జాలీ ఇస్లాం సొత్తు మాత్రమే కాదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయం. అలంపురంలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాల గోడల్లోనూ రాతి జాలకాలున్నాయి. అయితే ఇంటి కిటికీని ఒక సంపూర్ణ వ్యవస్థగా తీర్చిదిద్దినది కైరో, జిద్దా వంటి నగరాల ముస్లిం గృహనిర్మాణం. దానికి కైరోలో మష్రబియ్య అని, హిజాజ్ ప్రాంతంలో రోషన్ అని పేరు.

మష్రబియ్య: ఒక కిటికీ, ఐదు పనులు

ఈజిప్టు రూపశిల్పి హసన్ ఫతీ (1900-1989) ఈ కిటికీని శాస్త్రీయంగా విశ్లేషించాడు. 1986లో వెలువడిన గ్రంథంలో ఆయన దానికి ఐదు పనులు చెప్పాడు: వెలుతురును అదుపు చేయడం, గాలి ప్రవాహాన్ని అదుపు చేయడం, ఆ గాలిని చల్లబరచడం, దానికి తేమను చేర్చడం, ఇంటివారికి మరుగు కల్పించడం. ఈ ఐదింటినీ ఒకే చెక్క అల్లిక ఎలా నెరవేరుస్తుందన్నది కొంత వివరంగా చూడదగినది, ఎందుకంటే తరువాతి అనుకరణలన్నీ తప్పటడుగు వేసింది ఇక్కడే.

మష్రబియ్యలోని చెక్క కడ్డీలు తరిణె పట్టినవి, గుండ్రనివి. పలక అంచు ఉన్న కడ్డీ మీద ఎండ పడితే వెలుగుకూ నీడకూ మధ్య కత్తిరించినట్టు గీత ఏర్పడి కంటికి మిరుమిట్లు గొలుపుతుంది. గుండ్రని కడ్డీ మీద వెలుగు క్రమంగా నీడలోకి జారుతుంది, కన్ను అలసిపోదు. కంటి ఎత్తున అల్లిక దగ్గరగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ రంధ్రాలు పెద్దవవుతాయి. కింద తగ్గిన గాలిని పైభాగం పూరిస్తుంది. చెక్క రాత్రివేళ గాలిలోని తేమను పీల్చుకొని, పగలు ఎండ తగిలినప్పుడు విడుస్తుంది. అల్లిక వెనుక మట్టి కూజాలు పెట్టేవారు. వాటి మీదుగా వచ్చే గాలి చల్లబడేది, కూజాలో నీరూ చల్లబడేది. మష్రబియ్య అన్న పేరులోనే 'తాగడం' అనే అర్థమిచ్చే అరబ్బీ ధాతువు ఉంది.

దక్కను వేసవిని ఎరిగినవారికి ఇది కొత్త సూత్రమేమీ కాదు. వట్టివేళ్ల తడకలను కిటికీలకు కట్టి, నీళ్లు చల్లి, వడగాలిని చల్లగాలిగా మార్చుకున్న ఇళ్లు తెలుగునాట నిన్నమొన్నటి వరకూ ఉన్నాయి. నేటి ఎయిర్ కూలర్ ఆ తడకకే ఫ్యాను తగిలించిన రూపం. హైదరాబాదులోని పైగా సమాధుల జాలీలు వెలుతురునూ గాలినీ సున్నితంగా వడగడతాయి గాని, చెక్కలాగా తేమను పీల్చి విడవలేవు. ముడిసరుకు మారితే పనుల సంఖ్య కూడా మారుతుందన్నమాట. అలంకారం ఒకటే గదా అని చెక్క జాలీని సిమెంటులోనూ, లేజరుతో కోసిన లోహపు రేకులోనూ పోతపోసినట్టు తిరగరాసే రూపకర్తలు గమనించవలసిన సంగతి ఇది.

పారిస్, అబూదాబి: యంత్రంగా మారిన జాలీ

1987లో పారిస్‌లో ప్రారంభమైన అరబ్ ప్రపంచ సంస్థ భవనం ఈ మేళవింపునకు ఎక్కువగా ఉదాహరించబడే కట్టడం. జాఁ నూవెల్, ఆయన సహచరులు దక్షిణ ముఖాన్ని 240 లోహ ఫలకాలతో కప్పారు. ప్రతి ఫలకంలో కెమెరా కటకంలా తెరుచుకుని మూసుకునే రంధ్రాలున్నాయి. ఎండ తీవ్రతను బట్టి అవి తమంతట తామే కదిలేలా విద్యుత్ వ్యవస్థను ఏర్పాటు చేశారు. 1989లో దీనికి ఆగాఖాన్ పురస్కారం లభించింది. లోపల నిలబడితే నేల మీద పరుచుకునే జ్యామితీయ నీడలు కైరో ఇంటిని నిజంగానే తలపిస్తాయి.

ఫతీ చెప్పిన ఐదు పనులతో పోల్చినప్పుడు మాత్రం లెక్క వేరుగా తేలుతుంది. ఈ ఫలకాలు గాజు పలకల మధ్య బిగించి ఉన్నాయి, గాలికి దారి లేదు. గాలి లేనప్పుడు చల్లబరచడం, తేమ చేర్చడం అనే ప్రశ్నలే తలెత్తవు. మిగిలింది వెలుతురు ఒక్కటే. ఆ ఒక్క పనికీ మోటార్లు అవసరమయ్యాయి, అవి తరచు మొరాయించాయి. సున్నితమైన వస్తువులను భద్రపరచే ప్రదర్శనశాలకు మూసిన గోడలే కావాలన్న సమాధానం న్యాయమైనదే. అలాంటప్పుడు ఈ భవనాన్ని సంప్రదాయపు పునర్జీవనంగా గాక, సంప్రదాయానికి ఎత్తిన ఒక జెండాగా చూడాలి. యూరపు నడిబొడ్డున అరబ్బు సంస్కృతికి గౌరవస్థానం ప్రకటించడం చిన్న విషయం కాదు. అయితే అది కిటికీ పని కాదు, జెండా పని.

అబూదాబిలో 2012లో పూర్తయిన అల్ బహర్ టవర్లు ఒక అడుగు ముందుకు వేశాయి. ఏడాస్ సంస్థ రూపొందించిన ఈ జంట భవనాలలో ఒక్కొక్కదానికి వెయ్యికి పైగా త్రిభుజాకార తెరలు గాజు గోడకు వెలుపల, దాని నుంచి కొంత దూరంలో నిలబడి ఉంటాయి. సూర్యుడి గమనాన్ని అనుసరించి గొడుగుల్లా విప్పుకుంటాయి, ముడుచుకుంటాయి. నేరుగా ఎండ సోకని ఉత్తరపు వైపున వాటిని అమర్చలేదు. ఎండ గాజును తాకక ముందే ఆపడం వల్ల లోపలికి చేరే వేడి సగానికి తగ్గుతుందని రూపకర్తల అంచనా. ఇది పారిస్ భవనం చేయని పని. నీడను గోడకు బయటే నిలపాలన్న పాత జ్ఞానాన్ని ఇది సరిగానే గ్రహించింది.

అయినా ఒక సందేహం తీరదు. పాత మష్రబియ్య కదలదు. గుండ్రని కడ్డీలు, మారే రంధ్రాల కొలత, వీధి మీదికి పొడుచుకు వచ్చిన అమరిక కలిసి ఉదయపు ఎండకూ మధ్యాహ్నపు ఎండకూ తగిన సమాధానాన్ని ముందే సిద్ధం చేసి ఉంచుతాయి. అబూదాబి తెర కదలవలసి రావడానికి కారణం దాని వెనుక నేల నుంచి కప్పు దాకా ఉన్న గాజు. ఎడారి అంచున గాజుగోడ కట్టాలన్న నిర్ణయం ముందు జరిగింది, జాలీ తరువాత దాని మీద గొడుగుగా వచ్చింది. సంప్రదాయం ఇక్కడ రూపకల్పనకు పునాది కాలేదు, చేసుకున్న పొరపాటుకు చికిత్స అయింది. హైదరాబాదు ఐటీ కారిడార్లలో చికిత్స కూడా లేని గాజు భవనాలు వరుసగా నిలిచి ఉన్న దృశ్యంతో పోలిస్తే ఇది మెరుగేనని ఒప్పుకోవాలి.

కొలబద్ద పరిమితులు

ఐదు పనుల పట్టికను కూడా గుడ్డిగా వాడలేము. తేమ చేర్చడం కైరో పొడిగాలికి వరం. సముద్రపు ఉక్కలో ఉన్న అబూదాబికీ, వర్షాకాలపు ఢాకాకూ అదే శాపం. కనుక సంప్రదాయాన్ని మొత్తంగా ఎత్తి మరోచోట నాటడం ఆ సంప్రదాయపు స్వభావానికే విరుద్ధం. మరుగు విషయం ఇంకా చిక్కైనది. మష్రబియ్య వెనుక నిలబడిన స్త్రీ వీధిని చూడగలదు, వీధి ఆమెను చూడలేదు. దీనిని 'గోప్యత' అనే తటస్థమైన మాటతో దాటవేసే రచనలు కోకొల్లలు. ఆ అల్లిక ఒక సౌకర్యం, ఒక హద్దు కూడా. ఎవరి చలనాన్ని అదుపు చేయడానికి అది పుట్టిందో చెప్పకుండా దాని నీడల అందాన్ని మాత్రమే కీర్తించడం సగం చరిత్రను చెప్పడమే.

మరొక పరిమితి ఫతీ సొంత అనుభవం నుంచే వస్తుంది. లక్సర్ సమీపాన పురాతన సమాధుల మీద నివసిస్తున్న గ్రామస్థులను తరలించడానికి ఆయన 1940ల నడుమ న్యూ గౌర్న గ్రామాన్ని నిర్మించడం మొదలుపెట్టాడు. పచ్చి ఇటుకలు, నూబియా మేస్త్రీల నైపుణ్యంతో దూలాలు లేకుండా కట్టిన కమాను కప్పులు, గుమ్మటాలు, నడిమి ఆవరణలు అందులో ఉన్నాయి. పనితీరు దృష్ట్యా అందులో తప్పుపట్టదగినది కొంచెమే. ఊరు సగంలోనే ఆగిపోయింది. తరలి వస్తే పాత సమాధుల మీద ఆధారపడిన జీవనోపాధి పోతుందన్నది గ్రామస్థుల వ్యతిరేకతకు ప్రధాన కారణం. దానికి తోడు, వారి దృష్టిలో గుమ్మటం అంటే సమాధి, పుణ్యపురుషుడి దర్గా. బతికున్నవారు కాపురముండే ఇంటికి అది తగదని వారికి అనిపించింది. నూబియాలో ఇంటి కప్పు అయినది గౌర్నలో గోరీ కప్పు అయింది. వాతావరణ శాస్త్రం మీద ఎంత పట్టున్నా ఒక రూపానికి ఆ ఊరు ఇచ్చుకున్న అర్థాన్ని దాటి పోలేదని ఫతీ అనుభవం చూపుతుంది. ఆయన పట్టికలో ఆరవ పని ఒకటి ఉండవలసింది: గుర్తుపట్టేలా చేయడం.

ఈ ఆరవ పనిని తెలిసి చేసిన కట్టడం తెలుగునేల మీదే ఉంది. 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1934-39 మధ్య నిర్మించారు. రూపశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం దేశస్థుడు, అంతకుముందు కైరో శివారు హీలియోపొలిస్‌లో పనిచేసినవాడు. ఎత్తైన కమాను ముఖద్వారం, గుహాలయాల స్తంభాలను తలపించే స్తంభాలు, గ్రానైటు గోడలు ఒకే ముఖభాగంలో చేరాయి. వాతావరణం కోసం జరిగిన మేళవింపు ఇది అనలేము. బ్రిటిషు భారతానికి భిన్నంగా, ఒక మతానికే చెందనట్టుగా కనబడాలన్న ఒక సంస్థానపు ఆకాంక్ష ఇందులో రాతిరూపం దాల్చింది. దీనిని 'ఇండో-సారసెనిక్' అన్న వలసకాలపు పెట్టెలో వేసి మూతపెట్టడం విమర్శకు తగదు. రూపాన్ని అరువు తెచ్చుకోవడం దానంతటదే నేరం కాదని, ఆ రూపం ఎవరితో ఏమి మాట్లాడుతున్నదో చూడాలని ఈ భవనం చెబుతుంది.

ఢాకాలో ఒక మసీదు

పనితీరు, అర్థం రెండూ కలిసిన ఉదాహరణ కోసం వెతికితే ఢాకా నగరపు ఉత్తర శివారులోని బైతుర్ రవూఫ్ మసీదు ఎదురవుతుంది. రూపశిల్పి మరీనా తబస్సుమ్. స్థలం ఆమె అమ్మమ్మ ఇచ్చినది, ఖర్చు చాలవరకు విరాళాలతో సమకూరింది. 2012లో పూర్తయిన ఈ కట్టడం 2016లో ఆగాఖాన్ పురస్కారం పొందింది. దీనికి గుమ్మటం లేదు, మీనారు లేదు. ఎత్తైన అరుగు మీద ఇటుకలతో కట్టిన చతురస్రం, దానిలోపల ఒక వర్తులం, ఆ వర్తులంలో కిబ్లా దిక్కుకు తిప్పి నిలిపిన నమాజు గది ఉన్నాయి. స్థలం ఒక దిక్కుకు, ప్రార్థన మరో దిక్కుకు ఉన్నప్పుడు వచ్చే చిక్కును వర్తులం మెత్తగా విప్పింది. ఇదే నగరంలోని జాతీయ శాసనసభ భవనంలో లూయీ కాన్ కూడా ప్రార్థనామందిరాన్ని ప్రధాన అక్షం నుంచి కొద్దిగా పక్కకు తిప్పాడు. అక్కడ ఆ మలుపు భవనం అంచున జరుగుతుంది, ఇక్కడ భవనం గర్భంలో జరుగుతుంది.

గోడల్లో ఇటుకలను వరుస తప్పించి పేర్చడం వల్ల జాలీ ఏర్పడింది. దాని కోసం వేరే సామగ్రి తేలేదు, గోడే జాలీ అయింది. దానిలోంచి గాలి సాగుతుంది. ఫతీ ఐదింటిలో చల్లబరచడం, తేమ చేర్చడం ఇక్కడ లేవు, ఉండనక్కరలేదు కూడా. కప్పులో అక్కడక్కడా వదిలిన గుండ్రని రంధ్రాల నుంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా నేల మీదికి దిగుతుంది. కిబ్లా గోడలో నిలువుగా వదిలిన సందు ద్వారా వెలుగు వస్తుంది గాని, బయటి వీధి కనబడదు. మరుగు అనే పాత పని ఇక్కడ స్త్రీని దాచడం నుంచి విడివడి, ప్రార్థించేవారి ఏకాగ్రతను కాపాడే పనిగా మారింది. పాత అంశాన్ని తీసుకొని దాని పీడను వదిలించడం ఎలాగో చూపిన సందర్భం ఇది.

గుమ్మటం లేని కట్టడాన్ని ఆ పేట ప్రజలు మసీదుగా ఎలా అంగీకరించారన్న ప్రశ్న గౌర్న తరువాత తప్పక వేయవలసినది. బెంగాల్ సుల్తానుల కాలపు మసీదులు ఇటుకతో కట్టినవి. రాయి అరుదైన ఆ నేలలో మసీదుకు మొదటి గుర్తు ఇటుకే, గుమ్మటం దాని తరువాతిది. తబస్సుమ్ రెండవ గుర్తును వదిలి మొదటిదాన్ని పట్టుకుంది. ఆరవ పనిని గుమ్మటం లేకుండా ఇటుక మోసింది.

ఈ మసీదు ముందున్న పరీక్ష మాత్రం ఇంకా ముగియలేదు. చుట్టూ ఉన్నది వేగంగా పెరుగుతున్న ఇరుకు పేట. పొరుగున అంతస్తులు లేస్తే గోడ జాలీలకు గాలి తగ్గుతుంది, దానికి ఈ రూపకల్పనలో జవాబు లేదు. వెలుతురుకు మాత్రం ముందే జాగ్రత్త పడ్డారు. అది పక్కల నుంచి గాక కప్పు నుంచి, చతురస్రానికీ గదికీ నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన ఖాళీల నుంచి వస్తున్నది కనుక, హద్దు గోడల దాకా ఇళ్లు వచ్చి ఆనినా నమాజు గది చీకటి కాదు.