‘పరుగు’కి పడిన ఇంటూ మార్కు

ఈ వారం హైదరాబాద్ యూసుఫ్‌గూడలో కంటబడిన ఒక నాలుగో తరగతి వర్క్‌షీటు ఈ శీర్షిక రాసే మనిషిని బాగా నొప్పించింది. ‘కింది పదాల్లో క్రియలకు సున్న చుట్టండి’ అన్నది ప్రశ్న. ‘తిన్నాడు’, ‘రాసింది’ అనే మాటలతో పాటు ‘పరుగు’, ‘ఆట’, ‘పని’ అనే వాటికి కూడా పాప సున్న చుట్టింది. చివరి మూడింటికీ ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కులు పడ్డాయి. ఆ పైనే ‘పనిని తెలిపే పదం క్రియ’ అని నిర్వచనం అచ్చువేసి ఉంది. పాప దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. పరుగు పని కాదా? ఆట పని కాదా? ‘పని’ అనే మాటే పనిని తెలపకపోతే ఇంకేది తెలుపుతుంది?

ఈ శీర్షికను మొదటినుంచీ చదువుతున్నవారికి తర్వాత ఏం రాబోతోందో తెలిసే ఉంటుంది. అయిదో తరగతి దాటేదాకా పిల్లలకు కథలు చాలు, భాషాభాగాలు వద్దు అన్నది ఇక్కడి పాత పంతం.

ఆ పంతానికి ఆధారాలూ ఉన్నాయి. 1947లో స్కాట్లాండ్‌లో మెకాలే అనే పరిశోధకుడు ప్రాథమిక పాఠశాల చదువు ముగిస్తున్న పిల్లలకు పరీక్ష పెట్టాడు. వాళ్లు ఏళ్ల తరబడి వ్యాకరణం చదివినవాళ్లే. వాక్యంలో గీత గీసిన మాట నామవాచకమా, సర్వనామమా, క్రియా, విశేషణమా, క్రియా విశేషణమా చెప్పాలి. 131 మందిలో అయిదింటిలోనూ సగం మార్కులు దాటినది ఒక్కరే. 2004లో యార్క్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో అంతదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేశారు. వాక్య నిర్మాణం గురించిన పాఠాల వల్ల 5 నుంచి 16 ఏళ్ల పిల్లల రాత మెరుగుపడుతుందనడానికి తగిన రుజువు దొరకలేదని తేల్చారు. 2022లో ఇంగ్లండ్‌లో ఆరేడేళ్ల పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనూ వ్యాకరణ పాఠాల వల్ల కథారచన చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు.

పైగా భాషాభాగాలు అయిదు అన్న మన బడి లెక్క ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. గ్రీకు వ్యాకరణం రాసిన డయొనీసియస్ థ్రాక్స్ ఎనిమిది అన్నాడు. సంస్కృతంలో యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు చెప్పాడు. పాణిని పదాలను సుబంతాలు, తిఙంతాలు అని రెండుగా విడదీశాడు. తమిళ తొల్కాప్పియంలో నాలుగున్నాయి. మన బడి పుస్తకాల్లో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లిష్ పీరియడ్ గంట కొట్టగానే అవే ఎనిమిదవుతాయి. తొమ్మిదేళ్ల పిల్లలకు ఈ రెండు లెక్కల మధ్య పొంతన ఎక్కడుందో చెప్పే తీరిక ఏ టీచరుకీ ఉండదు.

ఇంతవరకూ పాత దారే. అయితే ఆ వర్క్‌షీటు గురించి ఆలోచిస్తుంటే జీన్ బెర్కో 1958లో ప్రచురించిన ప్రయోగం ఒకటి గుర్తొచ్చింది. ఆమె ఇంగ్లిష్ మాట్లాడే చిన్నపిల్లలకు ఒక బొమ్మ చూపించి, ‘ఇది వగ్’ అని లేని మాటొకటి చెప్పింది. రెండో బొమ్మ పక్కన పెట్టి ‘ఇప్పుడు రెండు...’ అని ఆగింది. పిల్లలు ‘వగ్స్’ అని పూర్తిచేశారు. ఎన్నడూ వినని మాట కాబట్టి బట్టీపట్టి చెప్పే అవకాశం లేదు. సూత్రం వాళ్ల నోట్లోనే ఉందన్నమాట.

అదే ఆట ఈ ఆదివారం యూసుఫ్‌గూడ పక్కనే ఉన్న కృష్ణానగర్‌లో ఒక మేడ మీది ట్యూషన్ గదిలో తెలుగులో సాగింది. అక్కడికి వచ్చే పిల్లల అమ్మానాన్నల్లో లైట్‌మెన్ ఉన్నారు, కాస్ట్యూమ్స్ వాళ్లున్నారు, క్యాబ్ డ్రైవర్లున్నారు, పోలీసు మొదటి బెటాలియన్‌లో పనిచేసేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో కొందరిది శ్రీకాకుళం తెలుగు, కొందరిది పాలమూరు తెలుగు, రహమత్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందిది ఉర్దూ. ‘ఇది బొలకం. మరి ఇవి?’ అని అడగ్గానే ‘బొలకాలు!’ అని గది మార్మోగింది. సున్న పోయి దీర్ఘం, ఆ తర్వాత ‘లు’ వస్తాయని వాళ్లకెవరూ చెప్పలేదు. ‘వీడు గెబుకుతున్నాడు. నిన్న కూడా అదే చేశాడు. నిన్న ఏం చేశాడు?’ అంటే కొందరు ‘గెబికాడు’ అన్నారు. ఉరుకు ‘ఉరికాడు’ అయినట్టే, కెలుకు ‘కెలికాడు’ అయినట్టే, అసలు లేనే లేని గెబుకు కూడా మధ్య అచ్చు మార్చుకుంది. ఇలాంటి మార్పులను సూత్రీకరించడానికే పరవస్తు చిన్నయసూరి వంటి మహా పండితులు శ్రమపడ్డారు. ఆయన బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఈ గదిలో పిల్లలు అలాంటి సూత్రాన్నే బిస్కెట్లు తింటూ వాడేస్తున్నారు.

ఆ తర్వాత ‘పరుగు’ను వాళ్ల ముందు పెడితే తీర్పు చెప్పడానికి నిర్వచనంతో పని పడలేదు. ‘పరుగులు’ అనొచ్చు, ‘పరుగుకి’ అనొచ్చు. ‘నిన్న పరుగాడు’ అనలేం, ‘పరుగెత్తాడు’ అనాలి. ‘ఆట’ అంతే, ‘పని’ అంతే. ‘నవ్వు’ దగ్గర మాత్రం గొడవైంది. నవ్వులు అంటాం, నవ్వాడు అని కూడా అంటాం. ‘అయితే అది రెండూనూ’ అని ఒక అబ్బాయి తేల్చాడు. వాక్యంలో పెట్టి చూస్తే తప్ప చెప్పలేమని అతని పక్కనున్న అమ్మాయి సవరించింది. ‘ఉరుము’కూ అదే తీర్పిచ్చారు.

పాత పంతాన్ని అసలు కదిలించింది మాత్రం నోటుబుక్కులు. తెలుగు ఇంటి పిల్లల ఇంగ్లిష్ నోట్సులో ‘మై ఫాదర్ డ్రైవర్’ అని ఉంది. ‘ఈజ్’ లేదు. ఉర్దూ ఇంటి పిల్లల తెలుగు నోట్సులో ‘మా నాన్న డ్రైవర్ ఉన్నాడు’ అని ఉంది. ‘ఉన్నాడు’ అక్కర్లేదు. రెండు చోట్లా ఎర్ర ఇంకే పడింది, కారణం మాత్రం ఎవరూ రాయలేదు. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లలు ఒకే విషయంలో ఎదురెదురుగా తప్పుతున్నారు. ఉర్దూకు అక్కడ ‘హై’ కావాలి, ఇంగ్లిష్‌కు ‘ఈజ్’ కావాలి. తెలుగుకు ఏమీ అక్కర్లేదు. ‘మా నాన్న డ్రైవర్’ అంటే వాక్యం నిండిపోయింది. చేకూరి రామారావు 1975 నాటి ‘తెలుగు వాక్యం’ పుస్తకం ఇలాంటి క్రియ లేని వాక్యాలకు తెలుగులో ఎంత చోటుందో వివరంగా చూపించింది. అంతేకాదు, క్రియకు వచ్చినట్టే నామవాచకానికి కూడా మన భాషలో పురుష ప్రత్యయాలు వస్తాయి. నేను డ్రైవర్‌ని, నువ్వు డ్రైవర్‌వి, మేం డ్రైవర్లం. ఈ సంగతి ఆ ఇద్దరు పిల్లలకూ అయిదు నిమిషాల్లో విప్పి చెప్పొచ్చు. ఒక్క షరతు: ‘క్రియ’ అన్న మాట వాళ్లకు తెలిసి ఉండాలి.

కాబట్టి అయిదో తరగతి దాకా భాషాభాగాలు వద్దన్న మాట యూసుఫ్‌గూడ లాంటి చోట నిలవదు. స్కాట్లాండ్ పరీక్ష అడిగింది పిల్లలు భాషాభాగాలను గుర్తుపడతారా అని, ఇంగ్లండ్ పరిశోధనలు అడిగింది రాత మెరుగుపడుతుందా అని, అదీ ముఖ్యంగా ఒకే భాషలో. ఇక్కడి పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు భాషల మధ్య తిరుగుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. 2018 చట్టంతో ఇతర మాధ్యమాల బడుల్లోకీ తెలుగు తప్పనిసరిగా వచ్చింది. ఎదురెదురు పేజీల్లో ఒకే వాక్యం రెండు రకాలుగా ఎందుకుందో మాట్లాడుకోవడానికి పిల్లలకు నాలుగు పేర్లు కావాలి.

బోధించే తీరు మాత్రం మారాలి. మూడు, నాలుగు తరగతుల్లో నామవాచకం, క్రియ చాలు. అయిదులో విశేషణం, సర్వనామం. చోటు దొరకని ప్రతి మాటనూ నెట్టేసే అవ్యయం హైస్కూలు దాకా ఆగొచ్చు. నిర్వచనం బట్టీ కొట్టించే బదులు ‘లు’ చేర్చి చూడమనాలి, ముందు ‘నిన్న’ పెట్టి చూడమనాలి, ఎందుకలా అనుకున్నావో చెప్పమని అడగాలి. ఆ చెప్పినదానికే మార్కు ఇవ్వాలి. ‘మా నాన్న డ్రైవర్ అనే వాక్యంలో క్రియ ఏది?’ అన్న ప్రశ్న నాలుగో తరగతి పరీక్షలో రావాలి. ‘లేదు’ అని రాసిన పిల్లలకు పూర్తి మార్కులు పడాలి. ‘లేదు, తెలుగులో అక్కర్లేదు, ఉర్దూలో కావాలి’ అని రాసినవాళ్ల పేపరు టీచరు క్లాసులో చదివి వినిపించాలి.