శత్రువునందలి మానవుడు

గూఢచారి కథయనగానే చదువుకొన్నవారు కొందఱు పెదవి విఱుతురు. మాఱువేషములు, దొంగచూపులు, అర్ధరాత్రపు పరుగులు, వీనియందు మనస్సును సంస్కరించునది యేమున్నదని వారి ప్రశ్న. 1939వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన ‘ది స్పై ఇన్ బ్లాక్’ అను చలనచిత్రము ఆ ప్రశ్నకు తగిన సమాధానము.

కథాకాలము 1917. హార్ట్ అను జర్మను జలాంతర్గామి నాయకుడు స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ దీవులకు రహస్యముగా చేరును. స్కాపాఫ్లో రేవునందలి బ్రిటిషు నౌకలను ముంచుటకు తోడ్పడుట ఆతని పని. ఉపాధ్యాయిని వేషమున నున్న స్త్రీ తన పక్షమున గూఢచారిణియని ఆతడు నమ్మును. ఆమె నిజముగా బ్రిటిషువారి మనిషి.

దర్శకుడు మైకేల్ పవెల్, రచయిత ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ కలిసి పనిచేసిన తొలి చిత్రమిది. ప్రెస్‌బర్గర్ హిట్లరు పాలనవలన జర్మనీ విడిచివచ్చిన యూదుడు. అట్టివాడు జర్మను సైనికుని రాక్షసునిగా చూపకుండుట గమనింపదగినది. స్వదేశపు హోటలులో తిన దగినది దొరకని హార్ట్, శత్రువు నేలపై వెన్నను చూచి పసివానివలె సంతోషించును. యుద్ధమన నెట్టిదో ఆ వెన్నముద్ద చెప్పినట్లు ఉపన్యాసములు చెప్పజాలవు. తుదకు తాను పట్టుకొన్న ఓడను తన దేశపు జలాంతర్గామియే కొట్టగా, ఇతరులు పడవలెక్కుదురు. ఆతడు ఓడతో మునుగును.

లోపములు లేకపోలేదు. నిజమైన ఉపాధ్యాయినికి ఆరంభమున జరిగిన దౌర్జన్యమును కథ తేలికగా దాటిపోయెను. నాయికకు తెలివినిచ్చిన రచయిత ఆమె అంతరంగమును మాత్రము చాలవఱకు మూసియుంచెను.

హార్ట్ పాత్రధారి కాన్రాడ్ ఫైట్ 1893లో బెర్లినునందు జన్మించెను. స్వలింగానురాగమును నేరముగా నెంచు జర్మను శాసనమును ఖండించిన 1919 నాటి చిత్రమున ప్రధానపాత్ర ధరించెను. 1933లో యూదవంశజురాలగు లిలీని వివాహమాడి స్వదేశమును విడిచెను. తాను యూదుడు కాకపోయినను, జాతిని గూర్చిన ప్రశ్నపత్రమున ‘యూదుడ’నియే వ్రాసెనని ఆతని చరిత్రకారులు చెప్పుదురు. యుద్ధకాలమున తన రాబడిని బ్రిటనుకు విరాళముగా నిచ్చెను. ‘కాసాబ్లాంకా’లో తాను ద్వేషించిన నాజీల అధికారిగానే నటించి, 1943 ఏప్రిలు 3న, ఏబదియేండ్ల వయస్సున, గుండెపోటుతో మరణించెను.

1939 అక్టోబరు 14న నిజమైన జర్మను జలాంతర్గామి యొకటి ఆ స్కాపాఫ్లోననే ‘రాయల్ ఓక్’ నౌకను ముంచగా ఎనిమిదివందలకు పైగా నావికులు మడిసిరి. అట్టి దినములలో శత్రువునందు మానవుని చూపుట దేశద్రోహము కాదా యని యడుగవచ్చును. ఫైట్ జీవితమే దానికి బదులు. అన్యాయపు ప్రభుత్వమును సర్వస్వము నొడ్డి యెదిరించిన వాడే, ఆ దేశపు సామాన్య సైనికుని హృదయమును దాచక చూపెను. అధర్మమును ద్వేషించుటకు మనుష్యుని ద్వేషింప నక్కఱలేదని పిల్లలకు బోధింపగోరు తలిదండ్రులు ఈ చిత్రమును వారి ప్రక్కను కూర్చుండి చూడదగును.