మూడుకాళ్ల బల్ల మీద ఊరు

సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో అంగుళానికి మైలు కొలత. ఆ కొలతలో ఎలమంచిలి చుట్టూ ఉన్న కొండలు, శారద, వరాహ నదులు, చెన్నై–హౌరా రైలు మార్గం కాగితం మీదికొచ్చేస్తాయి.

1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే అధికారి మొదలుపెట్టిన త్రికోణ సర్వే దేశానికి స్థిరబిందువులిచ్చింది. వాటి మధ్య ఖాళీ నింపింది మాత్రం ఎండలో తిరిగిన సర్వేయర్లు, జెండాలు మోసిన ఖలాసీలు. మూడుకాళ్ల బల్ల మీద కాగితం బిగించి, చూపుబద్దలోంచి కొండ కొనను చూసి ఒక గీత గీసేవారు. ఇంకోచోటి నుంచి మరో గీత. రెండూ కలిసిన చోటే ఆ కొన!

పటంలో గోధుమరంగు ఎత్తుగీతలు ఒత్తుగా ఉంటే నిట్టనిలువు వాలు, ఎడంగా ఉంటే మెల్లని వాలు. ఏడాది పొడవునా ఉండే నీటికి నీలం, ఎండిపోయే వాగుకు నలుపు. తాటిచెట్లకూ ఓ గుర్తుంది. ఒక్కో రంగూ విడిగా అచ్చువేసినా గీత గీతకు సరిగ్గా కూర్చున్న పనితనం అది.

కొత్త లేఅవుట్ వేసేముందు ఈ పటం విప్పితే, పూడ్చేసిన వాగు ఎటు పారేదో తెలుస్తుంది. తుపాను వానల్లో ఆ లెక్కే అక్కరకొస్తుంది.