బతుకమ్మ పాటలు - పల్లవి ప్రయోజనము

తెలంగాణమున, విశేషించి ఓరుగంటిసీమ పల్లెలయందు, మహాలయామావాస్య మొదలుకొని ఆశ్వయుజ శుద్ధాష్టమి వఱకు స్త్రీలు బతుకమ్మ నాడుదురు. తొలినాటిది ఎంగిలిపూల బతుకమ్మ. కడపటిది సద్దుల బతుకమ్మ. నడుమ నాఱవనాడు బతుకమ్మ యలిగినదని పూలు పేర్చుట మానుదురు. ఈ దినములలో పాడెడు పాటలను వ్రాతయందు జూచిన యాలంకారికునకు వెంటనే తోచు నాక్షేప మొకటి కలదు. పాదపాదమునను 'ఉయ్యాలో' యనియో, 'కోలో' యనియో, 'చందమామ' యనియో యొక్కటే మాట మరల మరల వచ్చుచున్నది. ఆ మాట కథతో నన్వయింపదు. మమ్మటుడు నిరర్థకమును పదదోషములలో బరిగణించెను. పాదపూరణమునకు మాత్రమే వాడిన యవ్యయము దోషమైనచో, పాటనిండ నావరించిన 'ఉయ్యాలో' మాట యేమి?

ఈ యాక్షేపమునకు సమాధానము కాగితముపై దొరకదు; ఆటనడుమ దొరకును. తాంబాళమున పేర్చిన పూలపై పసుపు గౌరమ్మ నుంచి, దానిని నడుమ బెట్టి, స్త్రీలు వలయముగ దిరుగుచు, వంగుచు లేచుచు చప్పట్లు చఱతురు. ఒకతె పాదశకలము నందించును; తక్కినవారు పల్లవి నందుకొందురు. వారు పల్లవి పాడు నంతసేపును మొదటి యామె తరువాతి మాటను స్మరించుకొనును. స్మరణకు రానిచో అప్పటికప్పుడు కల్పించుకొనును. పాదమున నొక మాత్ర తగ్గినను హెచ్చినను పల్లవి దానిని సరిపుచ్చి, అడుగును చప్పటను మరల నొక్కచోటికి జేర్చును. వీనికంటె ముఖ్యమైన ప్రయోజనము వేఱొకటి కలదు. కథ నెఱుగని చిన్నపిల్లయు, ఊరికి క్రొత్తగ వచ్చిన కోడలును రెండవ పాదమునకే పాటలో గలియగల్గుట పల్లవి వలననే. కావున నిది పాదపూరణము గాదు. సమూహమునకు పాటయందు గల భాగము.

పూర్వు లీ విషయము నెఱుగనివారు కారు. పదుమూడవ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములను, గొబ్బిపదములను, వెన్నెలపదములను, ప్రభాతపదములను బేర్కొనెను. ఇందు తుమ్మెదపదములకును గొబ్బిపదములకును పేరు వచ్చినది కథనుబట్టి కాదు, మరల మరల వచ్చు పిలుపునుబట్టి. పాటకు గుర్తు పల్లవియే యని లోకము నిర్ణయించుకొనినది.

పల్లవి స్థిరముగ నుండుటచేతనే వస్తువు స్వేచ్ఛగ మాఱగల్గినది. నూర్గురు కొడుకులను గోల్పోయిన ధర్మాంగద మహారాజునకు లక్ష్మి కూతురై పుట్టిన కథయు, సీతాదేవి కష్టములును, అత్తవారింటి కేగు ఆడుబిడ్డకు తల్లి చెప్పు బుద్ధులును ఒకే వరుసలో నిముడును. 1946-51 నాటి రైతాంగ సాయుధపోరాటమునందును, 2014లో ఫలించిన ప్రత్యేకరాష్ట్రోద్యమమునందును ఈ వరుసలలోనే క్రొత్తపాటలు పుట్టినవి.

బతుకమ్మకు ముఖ్యమైన పూలు తంగేడును గునుగును. తంగేడు బీడున బూయును. గునుగు చేలలో కలుపు. సేద్యగాడు దానిని పెఱికి పాఱవైచును. వానలు వెనుకబట్టి చెఱువులు నిండిన యా ఋతువున ఆ కలుపుమొక్కయే దేవత యగును. పాటనుండి 'ఉయ్యాలో' మాటను కలుపుగ నెంచి యేఱివేయు పండితుడు ఈ పండుగ చేయుపనికి సరిగ ప్రతిలోమముగ జేయుచున్నాడు.

1958లో ప్రకటితమైన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' ఇట్టి పాటలు విశ్వవిద్యాలయ పరిశోధనకు దగినవని స్థాపించినది. ఇక సంపాదకుల బాధ్యత మిగిలినది. పల్లవి నొక్కసారి చూపి విడిచినచో, పలుకుబడిని వ్యాకరణమునకు లోబఱచి దిద్దినచో, చదువరికి కథ దక్కును గాని పాట దక్కదు. ఎవ్వరు పాడునది, ఎవ్వ రందుకొనునది, ఎచట చప్పట పడునది చూపక ముద్రించిన పాఠము అసమగ్రము.

2014లో బతుకమ్మ తెలంగాణకు రాష్ట్రపండుగ యైనది. ఏటేట క్రొత్తపాటలు ధ్వనిముద్రితములై వెలువడుచున్నవి. అందు మంచి మాటలును మంచి వరుసలును గలవి లేకపోలేదు. క్రొత్తదనమును నిందించుట న్యాయము గాదు, పాట యెల్లప్పుడును క్రొత్తవస్తువులను గ్రహించినదే గదా. లోపము వేఱొకచోట నున్నది. ధ్వనివర్ధకమునుండి యొక్క కంఠమే పాదమును పల్లవిని గూడ పాడుచుండ, వలయమున నున్న స్త్రీలకు అడుగు వేయుట మాత్రమే మిగులుచున్నది. అపుడు నిజముగనే 'ఉయ్యాలో' నిరర్థకమగును. అందుకొనువారు లేని పిలుపునకు అర్థ మెక్కడిది? ఆలంకారికుని యాక్షేపము పాతపాటకు జెల్లక, ఈ పాడుకకు జెల్లుచున్నది.

కావున బతుకమ్మ పాటను బరీక్షించువారు పదలాలిత్యమును, కథాసంవిధానమును జూచుటకు ముందు దానిలో నితరుల గొంతునకు చోటున్నదా యని విచారింపవలెను. ఆ చోటున్న పాట సామాన్యమైన మాటలతోనైనను పది తరములు నిలుచును. అది లేనిది, ఎంత రమణీయమైనను, వినుటకు బనికివచ్చును గాని ఆడుటకు బనికిరాదు.