కసిమి తాగిన కలం

శ్రీకాళహస్తి కలంకారీ చీర చూసి అందరూ బొమ్మను మెచ్చుకుంటారు. నా మోజు మాత్రం దాన్ని గీసిన కలం మీద. వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తారు; అంతే. ఆ గుడ్డ కసిమిని పీల్చుకుంటుంది, వేళ్లతో ఎంత నొక్కితే మొనకు అంతే దిగుతుంది. కసిమి అంటే ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి నీళ్లలో ఊరబెట్టిన రసం. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరేసిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. పాలలో కొవ్వు లేకపోతే గీత పక్కలకు పాకిపోదూ! చింతబరికెల బొగ్గుతో వేసిన ఆనవాలును దులిపేయొచ్చు. కసిమి గీతను చెరపడమంటూ లేదు. ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ముందు పటిక నీళ్లు పూస్తారు, అప్పటికి రంగు జాడే ఉండదు. బట్టను రంగు కాగులో ఉడికించాకే పటిక పడిన చోట ఎరుపు తేలుతుంది. అంటే పనివాడు కనబడని రంగుతో బొమ్మ వేస్తున్నాడన్నమాట. ఇంత పనికీ అతని ఇంట్లో ఉండేది నేల మీద పరిచిన దుప్పటి, నాలుగు ముంతలు. ఇలాంటి చీరను ప్రింటు చీర ధరకు బేరమాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తేడా తెలియకపోతే కొంగు మీది రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి, ఈకలు పోల్చి చూడండి.